రొయ్యకున్న పరీక్ష ఆడవాళ్లకేదీ?

కృష్ణా జిల్లా కృత్తివెన్ను చుట్టుపక్కల సాగయ్యే రొయ్య ఐరోపాకు వెళ్లాలంటే, చెరువు పట్టక ముందే దాని నమూనా సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ (ఎంపెడా) ప్రయోగశాలకు చేరాలి. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ వంటి నిషేధిత యాంటీబయాటిక్ ఆనవాళ్లు లేవని కాగితం రావాలి. 2016లో ఐరోపా సమాఖ్య మన సాగు రొయ్యల సరుకులో పరీక్షించే వాటాను 10 శాతం నుంచి 50 శాతానికి పెంచాక ఆ కాగితం విలువేమిటో రైతుకూ, కొనేవాడికీ బాగా తెలిసొచ్చింది.

అదే రొయ్య తలలు తీసే ఆడమనిషికి ఒంటికి వెళ్తే మంట పుట్టిందనుకోండి, పరీక్ష ఊసే ఉండదు. 'వేడి చేసిందిలే' అంటారు. బార్లీ నీళ్లు, సగ్గుబియ్యం జావ, దొరికితే కొబ్బరి బోండం. వీటిలో చెడ్డదేమీ లేదు, రోజులు గడిచిపోవడమే చెడ్డది. అప్పటికీ తగ్గకపోతే మందుల షాపులో చీటీ లేకుండా రెండు పూటల మాత్రలు.

స్త్రీలలో దాదాపు సగం మందికి జీవితంలో ఒక్కసారైనా మూత్రనాళ ఇన్ఫెక్షన్ వస్తుంది. ఇందులో వాళ్ల తప్పేమీ లేదు. మగవాళ్లలో సుమారు 20 సెంటీమీటర్లుండే మూత్రమార్గం ఆడవాళ్లలో 4 సెంటీమీటర్లే. మలద్వారం దగ్గరుండే ఈ-కొలై సూక్ష్మజీవికి మూత్రాశయం దాకా నడక చాలా తక్కువ. మామూలు కేసుల్లో నాలుగింట మూడు వంతులకు పైగా దాని పనే. గర్భిణులకు, షుగరు ఉన్నవారికి, ముట్లుడిగినవారికి ముప్పు మరింత ఎక్కువ.

దేహనిర్మాణాన్ని మార్చలేం. నీళ్లు తాగడం, ఆపుకోకుండా వెళ్లడం మాత్రం మన చేతిలో ఉన్నవే కదా అంటారు వైద్యులు. తరచూ ఈ ఇన్ఫెక్షన్ వచ్చే, నీళ్లు తక్కువ తాగే 140 మంది స్త్రీలపై జరిగిన ఒక అధ్యయనం 2018లో వెలువడింది. రోజూ అదనంగా లీటరున్నర తాగినవారికి ఏడాదిలో సగటున 1.7 సార్లు ఇన్ఫెక్షన్ వస్తే, ఎప్పటిలాగే ఉన్నవారికి 3.2 సార్లు వచ్చింది. మాత్ర కన్నా చవకైన మందే. కానీ తీరంలో భూగర్భ జలం ఉప్పన, తాగేది కొన్న టిన్ను నీళ్లు. పైగా తాగిన నీళ్లు బయటికి పోవాలిగా? ఎక్కడికి పోవాలి?

వరిచేల గట్ల మీద ఒకప్పుడు తుమ్మచెట్ల చాటైనా ఉండేది. చేలు చెరువులయ్యాక గట్లు బోసిపోయాయి. పిట్టలు వాలకుండా వలలు, కాపలా పాకలు, ఏరియేటర్లు చూసుకునే కుర్రాళ్లు. అందుకే పొద్దున్నే కూలికి బయల్దేరే ఆడవాళ్లు గొంతు తడిపి ఊరుకుంటారు. ఇంట్లో మరుగుదొడ్డి కట్టించి ప్రభుత్వం లెక్క పూర్తయిందనుకుంది. కూలికి వెళ్లే మనిషి పగలంతా ఉండేది ఇంట్లో కాదు.

చట్టాలు లేక కాదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం స్త్రీలకు విడిగా మరుగుదొడ్లు ఉండాలంది. కానీ చెరువు గట్టు ఫ్యాక్టరీ కాదు, పొలమూ కాదు. 2005 నాటి ఉపాధి హామీ చట్టం పని చోట నీళ్లు, నీడ, ప్రథమ చికిత్స పెట్టె ఉండాలని రాసి, మరుగుదొడ్డిని మరిచింది. 2025 జనవరి 15న సుప్రీంకోర్టు దేశంలోని కోర్టులన్నిటిలో స్త్రీలకు విడిగా మరుగుదొడ్లు ఉండాలని ఆదేశిస్తూ, అది జీవించే హక్కులో భాగమని చెప్పింది. కోర్టు మెట్లెక్కిన స్త్రీకి ఉన్న హక్కు గట్టు మీది స్త్రీకి లేకుండా పోతుందా? చెరువు లైసెన్సుకు సవాలక్ష షరతులు పెట్టే అధికారులు కూలీలకు ఒక మరుగుదొడ్డి అన్న షరతు కూడా చేర్చవచ్చు.

ఇక మాత్రల సంగతి. సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి మందులకు ఈ-కొలై లొంగడం బాగా తగ్గిందని భారత వైద్య పరిశోధన మండలి నివేదికలు ఏటా చెబుతున్నాయి. ఇప్పటికీ బాగా పనిచేస్తున్నవాటిలో నైట్రోఫ్యూరాంటోయిన్ ఒకటి. రొయ్యలో ఆనవాలు కనిపిస్తే సరుకు వెనక్కి పంపించే నైట్రోఫ్యూరాన్ల కుటుంబానికి చెందినదే అది! చెరువులో దొంగచాటుగా పడకూడనిది, ఆడమనిషికి లెక్క ప్రకారం అందాల్సింది.

మొదటిసారి వచ్చే మామూలు మంటకు, మూత్రంలోని సూక్ష్మజీవిని పెంచి చూసే కల్చర్ పరీక్ష తప్పనిసరి కాదు, డాక్టరు లక్షణాలు చూసి మందివ్వవచ్చు. మళ్లీ మళ్లీ వస్తున్నా, చలిజ్వరం, నడుము పక్కన నొప్పి ఉన్నా, మూత్రంలో రక్తం కనబడినా పరీక్ష కావాల్సిందే. గర్భిణులకైతే మంట లేకపోయినా కల్చర్ చేయడం మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లోనే సూచించింది. మన దగ్గర ఊళ్లోని ఆరోగ్య కార్యకర్త (ఏఎన్ఎం) గర్భిణి మూత్రంలో చూసేది ప్రధానంగా ఆల్బుమిన్, చక్కెర. నమూనా రెండు గంటల్లో ల్యాబుకు చేరాలి, లేదా చల్లగా ఉంచితే 24 గంటలు ఆగుతుంది. టీకాలు మోసే ఐసు పెట్టెలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఉన్నాయి. బందరు (మచిలీపట్నం)లో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. వారానికి రెండు రోజులు కృత్తివెన్ను నుంచి బందరుకు ఒక పెట్టె వెళ్లడానికి కొత్త పథకం, దానికో పేరు, ప్రారంభోత్సవం అక్కర్లేదు.

మంట గురించైనా ఆడవాళ్లు పక్కింటావిడతో చెప్పుకుంటారు. తుమ్మినా, దగ్గినా, బిందె ఎత్తినా చీర తడవడం గురించి అసలు చెప్పరు. కాన్పుల తర్వాత, వయసు మీద పడ్డాక ఇది మామూలేనని సర్దుకుపోతారు. అమెరికా వైద్యుడు ఆర్నాల్డ్ కెగెల్ 1948లో చెప్పిన కటి కండరాల వ్యాయామం ఈనాటికీ దీనికి మొదటి చికిత్స. ఖర్చు లేదు, మూడు నెలలు ఓపిక కావాలి, ఏఎన్ఎం ఒక మధ్యాహ్నంలో నేర్పగలదు. దీనికి ఇంకో ముడి ఉంది. గర్భసంచి తీయించుకున్న స్త్రీల శాతం ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ముందుందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెబుతున్నాయి. ఆ ఆపరేషన్ అయినవారు మూత్రం కారే బాధకు మళ్లీ శస్త్రచికిత్స దాకా వెళ్లడం మిగతావారి కన్నా రెండింతలకు పైగా ఉందని 2007లో వెలువడిన స్వీడన్ అధ్యయనం తేల్చింది. సంతకం పెట్టించుకునే ముందు డాక్టరు ఈ మాట చెప్పాలి, చెప్పకపోతే వెంట వచ్చినవాళ్లు అడగాలి.