లొంగని జబ్బా, అందని వైద్యమా?

మూర్ఛ ఉన్న ఆడపిల్ల విషయంలో మన కుటుంబాలను మొదట పట్టుకునే దిగులు పెళ్లి. వైద్యం ఆ తరవాతి మాట. ఈ దిగులుకు చట్టం కూడా వత్తాసు పలికింది. పదేపదే మూర్ఛ వచ్చేవారు పెళ్లికి అనర్హులనే షరతును 1976లో హిందూ వివాహ చట్టంలో చేర్చారు. దాన్ని తొలగించడానికి 1999 దాకా పట్టింది. చట్టంలోంచి మాట పోయింది గానీ ఇళ్లలోంచి భయం పోలేదు. దాచి పెళ్లి చేస్తారు. బయటపడితే ‘మోసం చేశారు’ అంటూ అత్తింటివారు పంచాయితీ పెడతారు.

ఈ దాపరికానికీ, డాక్టర్లు ‘మందులకు లొంగని మూర్ఛ’ అనేదానికీ సంబంధం ఉంది. సరిగ్గా ఎంపిక చేసిన రెండు మందులు ఒంటికి పడి, తగిన మోతాదులో వాడినా ఫిట్స్ ఆగకపోతే ఆ పేరు పెట్టాలని అంతర్జాతీయ నిపుణుల సంఘం 2010లో నిర్వచించింది. మూర్ఛ ఉన్న ముగ్గురిలో సుమారు ఒకరి పరిస్థితి ఇది. అయితే మందు పనిచేయలేదనడానికి ముందు అది ఆమె కడుపులో పడాలి కదా! అత్తగారింట్లో మాత్రలు దాచుకుని ఎవరూ చూడనప్పుడు మింగే కోడలికి ఎన్ని పూటలు తప్పిపోతాయో ఏ చీటీలోనూ ఉండదు. తిరుమలాయపాలెంలాంటి చోటినుంచి నిపుణుడి దగ్గరికి ఖమ్మమో హైదరాబాదో పోవాలంటే బస్సు చార్జీ, ఒకరోజు కూలి, తోడుకో మనిషి - మూడూ కుదరాలి. మూర్ఛ రకం గుర్తించకుండా రాసిన మందూ పనిచేయదు. ఇవన్నీ తేల్చకుండా నెపం జబ్బు మీద వేస్తున్నాం.

నిజంగా లొంగనివారిని మూడో మందు, నాలుగో మందు అంటూ ఏళ్లతరబడి తిప్పడమూ అన్యాయమే. ఎం.ఆర్.ఐ., వీడియో ఇ.ఇ.జి. పరీక్షలతో ఫిట్స్ మెదడులో ఎక్కడ పుడుతున్నాయో కనిపెట్టి, కొందరికి ఆపరేషన్ చేయవచ్చు. 2001లో వెలువడిన కెనడా అధ్యయనంలో, కణత వైపు మెదడు భాగంలో పుట్టే మూర్ఛకు ఆపరేషన్ బృందంలో 58 శాతం మందికి ఏడాదికల్లా స్పృహ తప్పే ఫిట్స్ ఆగాయి. మందులతోనే ఉన్నవారిలో 8 శాతం మందికే. తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థలో 1995 నుంచి ఈ ఆపరేషన్లు జరుగుతున్నాయి. హైదరాబాద్ నిమ్స్‌లోనూ చేస్తారు. ఇది అందరికీ పనికిరాదు. పనికొస్తుందో లేదో తేల్చే పరీక్షదాకా పోవడం మాత్రం అందరి హక్కు. పొయ్యిదగ్గరా, బావిదగ్గరా పనిచేసే మనిషికి అదుపులో లేని ఫిట్స్ అంటే ప్రాణగండం.

స్త్రీలకు చెప్పని సంగతులు ఇంకా ఉన్నాయి. గర్భిణిగా వాల్‌ప్రోయేట్ వాడితే సుమారు పదిమంది పిల్లల్లో ఒకరికి అవయవలోపాలు రావచ్చు. 30-40 శాతం మంది పిల్లలకు ఎదుగుదల సమస్యలు రావచ్చు. ఫెనిటాయిన్, కార్బమజెపైన్ గర్భనిరోధక మాత్రల బలాన్ని తగ్గిస్తాయి. ముందే చెప్పి, తగిన మందుకు మార్చడం డాక్టరు బాధ్యత. గర్భం వచ్చాక బెదిరిపోయి ఒక్కసారిగా మందు మానేయడం తల్లీబిడ్డలిద్దరికీ ప్రమాదం.

కట్నం చావులమీద పోరాడిన మన సంఘాలు ఈ సమస్యనూ హక్కుల పట్టికలో చేర్చుకోవాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మూర్ఛ మందులు ఏ నెలా ఆగకూడదు. రెండు మందులు విఫలమైతే దారిఖర్చులిచ్చి పెద్దాసుపత్రికి పంపాలి. వైద్యం సంగతి భర్తతోనో అత్తతోనో కాక ఆమెతోనే మాట్లాడాలి. మాత్ర బహిరంగంగా మింగగలిగే ఇల్లు ఆమెకు లేనంతకాలం ఏ మందూ పూర్తిగా పనిచేయదు.