చందా రసీదు అడిగే గుడికి సువార్త మహాసభలెందుకు?

పట్టణాల్లో ఏ కథోలిక విచారణలో సలహా సంఘం కూర్చున్నా ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది: "మనవాళ్లు పాస్టర్ల దగ్గరికి పోతున్నారు." కారణాలూ సిద్ధంగానే ఉంటాయి. అక్కడ డ్రమ్ములు, కీబోర్డులు ఉన్నాయట. స్వస్థత పేరు చెప్పి మాయ చేస్తారట. సత్యోపదేశం ఒంటబట్టక మన జనం ఇట్టే బుట్టలో పడుతున్నారట. ఇక మందు కూడా ఖరారే: మూడు రోజుల సువార్త మహాసభ, పేరున్న ప్రసంగీకుడు, నాలుగు వీధులకు వినిపించే సౌండు.

ఈ రోగనిర్ధారణే తప్పు. జనం పాటల కోసం పోవడం లేదు. మన ఆఫీసు గది దాకా వచ్చి, అక్కణ్నుంచి వెనుదిరిగి పోతున్నారు.

ఆ గదిలో ఏం జరుగుతుందో చూడండి. ఆదివారం పూజ అయ్యాక ఒక జంట పసిబిడ్డతో వచ్చి నిలబడుతుంది. అతను అపార్ట్‌మెంట్ వాచ్‌మన్. ఆమె అదే భవనంలో నాలుగిళ్లలో పనిచేస్తుంది. బిడ్డకు జ్ఞానస్నానం ఇప్పించాలి. బల్ల వెనకున్న పెద్దమనిషి తలెత్తకుండానే అడుగుతాడు: "ఏ విచారణ?" ఊరు చెబుతారు. "అక్కడి ఫాదర్ గారి లెటర్ తెచ్చారా? పెళ్లి సర్టిఫికెట్? చందా ఎప్పటిదాకా కట్టారు?" ఆ తర్వాత కాస్త గొంతు తగ్గించి, "ఇంటిపేరేమన్నారు?" ఆ ఆఖరి ప్రశ్న దేనికో అడిగినాయనకూ తెలుసు, అడిగించుకున్నవాళ్లకూ తెలుసు. బిడ్డ పేరేమిటని మాత్రం ఎవరూ అడగరు. జ్ఞానస్నాన క్రమంలో గురువు తల్లిదండ్రులను మొట్టమొదట అడగవలసింది ఆ పేరే.

పెద్దల సమాధానం నాకు తెలుసు. "నియమాలు లేకపోతే సంస్కారాలు చులకనైపోతాయి. పైసా ఇవ్వకుండా పండక్కోసారి వచ్చేవాడూ, ఏటా కట్టేవాడూ ఒకటేనా?" ఇందులో కొంత న్యాయం ఉంది. గుడి ఖర్చులు విశ్వాసులే భరించాలి. రిజిస్టర్లూ ఉండాల్సిందే. ఒకచోట పెళ్లయినవాడు ఆ సంగతి దాచి మరోచోట పెళ్లికి నిలబడకుండా కాపాడేవి అవే. కాకపోతే, నియమాల పేరు చెప్పేవాళ్లు ఆ నియమాలనైనా ఒకసారి తెరిచి చదవాలి.

1983లో వచ్చిన శ్రీసభ చట్టం ప్రకారం, కనీసం మూడు నెలలు ఉండే ఉద్దేశంతో ఒకచోట కాపురం పెట్టినవాడు అప్పుడే ఆ విచారణకు చెందినవాడవుతాడు. అంటే ఆ వాచ్‌మన్ పరాయి విచారణ మనిషి కాడు, మన విచారణ మనిషే. పసిబిడ్డ జ్ఞానస్నానానికి 868వ నియమం కోరేది కన్నవారి అంగీకారం, బిడ్డను కథోలిక విశ్వాసంలో పెంచుతారన్న ఆశకు తగిన ఆధారం. ఆ ఆశ బొత్తిగా లేనప్పుడు మాత్రమే వాయిదా వేయమంటుంది, అదీ కారణం విడమరిచి చెప్పి. చందా రసీదు ఊసు అందులో లేదు. పైగా, పేదరికం వల్ల ఎవరికీ సంస్కారాలు దూరం కాకుండా చూడమని 848వ నియమం గురువులను హెచ్చరిస్తుంది. కుటుంబాలను ఇళ్లకు వెళ్లి పలకరించాలని, పేదలను, ఒంటరివారిని, సొంత గడ్డకు దూరమైనవారిని వెతుక్కుంటూ పోవాలని 529వ నియమం విచారణ గురువుకు చెబుతుంది. రోమ్ రాసిన చట్టం కంటే మన బల్ల మీది చట్టమే కఠినంగా ఉంది. మత్తయి సుంకపు మెట్టు వదిలి క్రీస్తు వెంట నడిచాడు. మనం ఆ మెట్టును తెచ్చి గుడి ఆఫీసులో పెట్టుకున్నాం.

ఇక ఇంటిపేరు సంగతి. విచారణల్లో కులం ఉందని ఇంకా కొత్తగా నిరూపించాల్సిన పనిలేదు. భారత కథోలిక పీఠాధిపతుల సమాఖ్యే 2016లో దళిత సాధికారత విధానం ప్రకటిస్తూ సభలోపలి వివక్షను ఒప్పుకుంది. 2022లో హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల ఆంథోనీ గారు కార్డినల్ అయ్యారు. తొలి తెలుగు కార్డినల్, తొలి దళిత కార్డినల్ ఆయనే. గర్వపడాల్సిందే. కానీ ఆ గౌరవాన్ని చూపించి ఆఫీసు గదిలోని గుసగుసను కప్పిపుచ్చలేం. కాగితం బరువు కూడా అందరికీ ఒకటి కాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవం తీసుకున్న దళితుడు ఎస్సీ హోదా కోల్పోతాడు. పిల్లల చదువు, ఉద్యోగం ఎస్సీ సర్టిఫికెట్‌తో ముడిపడి ఉన్నప్పుడు రిజిస్టర్లో పేరు రాయించుకోవడానికే గుండె దిటవు కావాలి. అంత ధైర్యం చేసి వచ్చినవాడిని "లెటర్ తెచ్చుకుని రా" అని పంపేస్తున్నాం.

అదే వాచ్‌మన్ వీధి చివర రేకుల షెడ్డులోని ప్రార్థన మందిరానికి వెళ్తే ఏమవుతుంది? బుధవారం నాటికి పాస్టరమ్మ ఇంటికొస్తుంది. బిడ్డకు జ్వరమని తెలిస్తే ఆ రాత్రి ఫోన్ చేస్తుంది. ఆదివారం ప్రార్థనలో ఆ బిడ్డ పేరు వినబడుతుంది. పాస్టర్లందరూ పుణ్యాత్ములని నేననడం లేదు. దశమభాగం కోసం పీడించేవాళ్లూ ఉన్నారు. అయినా జనాన్ని పట్టి ఉంచేది డ్రమ్ములు కావు, ఈ పలకరింపు. ఒకప్పుడు ఈ పని మన ఉపదేశులదే. గురువు ఎప్పుడో ఒకసారి వచ్చే పల్లెల్లో సాయంత్రం జపాలు చెప్పించిందీ, పిల్లలకు ప్రార్థనలు నేర్పిందీ, చావు ఇంట్లో ముందుగా కూర్చున్నదీ వాళ్లే. మహాసభ స్టేజీకి, షామియానాకు, సౌండుకు అయ్యే ఖర్చు పక్కన ఒక ఉపదేశి ఏడాది జీతం రాసి చూసుకోండి.

పలకరింపులోనే సువార్త ఉందా అని అనుమానమున్నవాళ్లు ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో గుణదల వెళ్లాలి. 1924లో ఫాదర్ ఆర్లాటి మరియమాత స్వరూపాన్ని నెలకొల్పిన ఆ కొండకు లక్షల మంది వస్తారు. వాళ్లలో జ్ఞానస్నానం లేనివాళ్లు కోకొల్లలు. తలనీలాలిస్తారు, కొవ్వొత్తి వెలిగిస్తారు, మెట్లెక్కి కొండమీది సిలువ దాకా వెళ్తారు. ఏ విచారణ, ఏ కులం, చందా కట్టారా అని ఏ మెట్టు దగ్గరా ఎవరూ ఆపరు. "వాళ్లెవరూ కథోలికులు కావడం లేదు కదా" అంటారేమో. నిజమే. కానీ ఏడాదికోసారి అంతమంది తమంతట తాము మన గడప తొక్కుతున్నారు. ఏడాది పొడవునా మన విచారణ గడప దిగిపోతున్నవాళ్లతో పోల్చి చూసుకోవాల్సింది మనమే.

చేయాల్సినవి కష్టమైన పనులేం కావు. లెటర్ కావాలంటే ఆఫీసువాళ్లే ఆ ఊరి ఫాదర్ గారికి ఫోన్ చేయాలి. మేత్రాసన డైరెక్టరీ సొరుగులోనే ఉంటుంది. చందా పుస్తకం, జ్ఞానస్నానాల రిజిస్టరు ఒకే బల్ల మీద ఉండకూడదు. సలహా సంఘంలో అద్దె ఇళ్లవాళ్లకు, కూలి పనివాళ్లకు కుర్చీలు ఉండాలి, కుర్చీలతోపాటు మాట చెల్లుబాటూ ఉండాలి. ఈసారి మహాసభ బడ్జెట్ ఆమోదానికి వచ్చినప్పుడు ఎవరైనా లేచి ఒక్క ప్రశ్న వేయండి: ఈ ఏడాది మన విచారణలోకి కొత్తగా వచ్చిన కుటుంబాలెన్ని, వాటిలో ఎన్నిళ్లకు మనలో ఎవరు వెళ్లారు? జవాబు లేకపోతే మహాసభను ఏడాది వాయిదా వేసి, ఆ డబ్బుతో ఒక ఉపదేశిని పెట్టండి.