తెర మీద లేని చెరకు కూలీ

మా చోడవరం ఆడపిల్లలకు పారిశ్రామికీకరణ, సామ్రాజ్యవాదం పరీక్షల్లో రాసే మాటలే. సినిమాతో చెబితే అవి అర్థమవుతాయి. యంత్రం మనిషిని ఎలా నలిపేస్తుందో చాప్లిన్ ‘మోడరన్ టైమ్స్’ (1936) చూపిస్తుంది. 1922-24 మన్యం తిరుగుబాటును ‘అల్లూరి సీతారామరాజు’ (1974) కళ్ళకు కడుతుంది. కాని రెండు కథలకూ కేంద్రం పురుషుడే. మరి స్త్రీల శ్రమ?

గోవాడ చక్కెర ఫ్యాక్టరీకి చెరకు పండించిన నేల మాది. 1860 నుంచి 1911 దాకా మద్రాసు ఓడల్లో దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు వెళ్ళిన ఒప్పంద కూలీలలో తెలుగు స్త్రీలూ ఉన్నారు. అక్కడా చెరకు తోటలే. వాళ్ళ కథ నాకు ఏ తెర మీదా కనిపించలేదు.

అందుకే సినిమా వేసి ఊరుకుంటే చాలదు. ‘ఇందులో మనం ఎక్కడున్నాం?’ అని పిల్లల చేత అడిగించాలి. చెరకు కొట్టిన తల్లులను ఆ చర్చకు పిలవాలి. లేకపోతే పాఠ్యపుస్తకం చేసిన అన్యాయమే సినిమా కూడా చేస్తుంది.