గొట్టాల్లో ఐసు జావ

ఏసీ కొనబోయే ప్రతివాడూ "టన్నుదా, ఒకటిన్నర టన్నుదా?" అని అడుగుతాడు. టన్ను దేనిదని మాత్రం అడగడు. అది ఐసు టన్ను! ఒక అమెరికన్ టన్ను, అనగా సుమారు 907 కిలోల ఐసు, ఇరవైనాలుగు గంటల్లో కరుగుతూ ఎంత వేడిని లాగుతుందో అదే ఒక టన్ను చల్లదనం. యంత్రాలు వచ్చి ఐసును మరిపించాయి గానీ, దాన్ని మళ్ళీ పిలవవలసిన రోజు వచ్చిందని నా అభిప్రాయం.

గదికొక ఏసీ పెట్టి వీధిలోకి వేడి కుమ్మరించే బదులు, ఒకచోట పెద్ద ప్లాంటు పెట్టి, చల్లని నీళ్ళను భూమిలోని గొట్టాల ద్వారా భవనాలన్నిటికీ పంపే పద్ధతి పారిస్‌లో 1991 నుంచీ ఉంది. మన దేశంలో గాంధీనగర్ దగ్గరి గిఫ్ట్ సిటీలో నడుస్తోంది. అమరావతిలో 20,000 టన్నుల ప్లాంటుకు 2019లో ఒప్పందం కుదిరింది. ఆ ఏడాదే రాజధాని పనులు ఆగిపోయాయి. 2025లో పనులు మళ్ళీ మొదలయ్యాయి. రోడ్డు వేశాక గొట్టం కోసం తవ్వటం మనకు అలవాటే కనుక, ఏ గొట్టమో, ఎంత లావో ముందే తేల్చుకోవటం మంచిది.

లెక్క చూడండి. కిలో నీరు 6 డిగ్రీల దగ్గర బయలుదేరి 13 డిగ్రీలతో తిరిగొస్తే మోసుకొచ్చే వేడి 7 కిలోకేలరీలు. అదే కిలోలో ఐదో వంతు సన్నని ఐసు పలుకులుంటే? ఐసు కరగటానికే 16, ఆపైన నీరు 13 డిగ్రీలకు చేరటానికి మరో 13, వెరసి 29. నాలుగు రెట్లు! అంటే పావు వంతు ప్రవాహం చాలు, అదే వేగానికి సగం లావు గొట్టం సరిపోతుంది. పైగా కరెంటు మిగిలే వేళ, ఎండకాసే మధ్యాహ్నం సౌరవిద్యుత్తుతో, ఐసు చేసి టాంకులో దాచి సాయంత్రం వాడుకోవచ్చు.

ఇది ఊహ కాదు. దక్షిణాఫ్రికాలోని పోనెంగ్ బంగారు గనిలో, నాలుగు కిలోమీటర్ల లోతు దగ్గర, 60 డిగ్రీలు దాటిన రాళ్ళ మధ్య పనివాళ్ళను కాపాడేది ఈ ఐసు జావే. దింపిన నీళ్ళన్నీ మళ్ళీ పైకి తోడాలి గదా! అందుకే తక్కువ నీళ్ళతో ఎక్కువ చల్లదనం కావలసి వచ్చింది.

అయితే చిక్కులు లేవా అంటే, ఉన్నాయి. ఐసు చేయటానికి యంత్రం సున్నాకు దిగువన పనిచెయ్యాలి, కరెంటు ఎక్కువ తాగుతుంది. ఐసు తేలుతుంది, ప్రవాహం ఆగితే వంపుల్లో పేరుకుంటుంది, గొట్టం చీలిన చోట సమంగా పంచుకోదు. ఐసు పాలు మరీ ఎక్కువైతే జావ కాస్తా ముద్దవుతుంది. కాబట్టి పెద్ద గొట్టంలోనే జావ నడిపి, భవనం గుమ్మం దగ్గర ఉష్ణమార్పిడి పెట్టి, లోపల మామూలు చల్లనీళ్ళే తిప్పటం మేలు.

ఊరి మీద ప్రయోగాలు చేసే ముందు కాలేజీ మీద చేయండి! గ్రంథాలయం, కంప్యూటర్ లాబ్, ఆడిటోరియం, మూడు భవనాలు చాలు. మెకానికల్ వాళ్ళు యంత్రం చూస్తారు, కెమికల్ వాళ్ళు ఉప్పో గ్లైకాలో ఎంత కలపాలో తేలుస్తారు, సివిల్ వాళ్ళు కాలువ తవ్వుతారు, ఎలక్ట్రికల్ వాళ్ళు మీటరు దగ్గర కూర్చుంటారు. ఒక వేసవి రీడింగులు చేతికొస్తే, వాటిని వచ్చే ఏటి సంచికలో ఇదే పేజీలో అచ్చువేద్దాం.