సామాను చివర కట్టండి

ఖరగ్‌పూర్ రైల్వే స్టేషనులో ప్లాట్‌ఫారం పొడవు సుమారు 1072 మీటర్లు. 2013లో గోరఖ్‌పూర్ దానిని మించిపోయేవరకు ప్రపంచంలోకెల్లా పొడవైన ప్లాట్‌ఫారం ఇదేనని మనం చిన్నప్పుడు పాఠాలలో చదువుకున్నాము. ఆ ప్లాట్‌ఫారం దాటి వెళ్లిన సంసారాల లెక్క మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు. నూరేళ్లకు పైగా ఈ రైల్వే కాలనీలో ఏ నెలకానెల ఎవరో ఒకరు క్వార్టరులో దిగుతూనే ఉన్నారు. ఎవరో ఒకరు ఖాళీ చేస్తూనే ఉన్నారు. ఇల్లు మారడం ఎలాగో నేర్చుకోదలచినవారికి ఇంతకు మించిన పాఠశాల వేరొకటి దొరకదు.

ఆ పాఠశాలలో కొన్నేళ్లుగా గమనిస్తున్న విషయం ఒకటి పాఠకులకు మనవి చేయాలనిపించింది. ఇల్లు మారుతున్నామనగానే మనం ముందుగా వెతికేది గోనెసంచులను, పురికొసను, అట్టపెట్టెలను. సామాను సర్దడం పూర్తయితే ప్రయాణం సిద్ధమైనట్టే భావిస్తాము. వాస్తవానికి వరుస ఇందుకు తలక్రిందులుగా ఉండాలి. మొదట మనుషులు, తరువాత చోటు, ఆపైన కాగితాలు, అన్నిటికన్నా చివర సామాను. ఈ వరుస తప్పిన ఇళ్లలో పెట్టెలు క్షేమంగా చేరుతాయి గాని, మనుషులు కుదుటపడరు.

వలస వచ్చిన దారి

ఖరగ్‌పూర్‌లో తెలుగువారు ఇంతమంది ఎందుకున్నారని బయటివారు ఆశ్చర్యపోతూ ఉంటారు. కారణం రైలు పట్టాలలోనే ఉన్నది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ, 20వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో తూర్పుతీరపు రైలుమార్గంలో కటకం నుండి వాల్తేరు వరకు గల భాగాన్ని తన చేతిలోకి తీసుకున్నది. అదే కాలంలో ఖరగ్‌పూర్‌లో పెద్ద వర్క్‌షాపు వెలిసింది. ఒకే కంపెనీ, ఒకే దారి. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి కూలికి వచ్చినవారు, పనివాళ్లుగా వచ్చినవారు ఆ దారినే వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. 1927లో ఈ వర్క్‌షాపు కార్మికులు సమ్మె చేసినప్పుడు వారికి అండగా నిలిచిన నాయకులలో వి.వి. గిరి ఒకరు. తరువాతి కాలంలో ఆయనే రాష్ట్రపతి అయ్యారు. 1955లో ఏర్పడిన ఆగ్నేయ రైల్వేలోనూ ఈ పట్టణం ప్రాముఖ్యం తగ్గలేదు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించినప్పుడు అందరి నోటా వినిపించిన ఊరిపేరు కూడా ఖరగ్‌పూరే.

తాత బాయిలరు షాపులో, తండ్రి క్యారేజి షాపులో, కొడుకు రైల్వే ఆఫీసులో పనిచేసిన కుటుంబాలు ఇక్కడ ఎన్నో. మూడు తరాలుగా రైల్వే గోడల మధ్యనే సంసారం. గోడలు మాత్రం తమవి కావు. ఉద్యోగం ఉన్నంతకాలమే ఆ తాళంచెవి మొలలో ఉంటుంది.

తేదీ ముందే తెలుసు

బదిలీ అకస్మాత్తుగా రావచ్చును గాని, పదవీవిరమణ అలా రాదు. అరవయ్యేళ్లు నిండిన నెల ఆఖరి రోజున ఉద్యోగం ముగుస్తుంది. ఉద్యోగంలో చేరిన నాడే ఆ తేదీ లెక్కకట్టుకోవచ్చును. అయినప్పటికీ ఆ తేదీ మీదికి వచ్చేదాకా ‘తరువాత ఎక్కడ?’ అన్న ప్రశ్న చాలా ఇళ్లలో ఎవరూ నోరు విప్పి అడగరు.

రైల్వే నియమం ప్రకారం పదవీవిరమణ తరువాత నాలుగు నెలలపాటు మామూలు అద్దెకే క్వార్టరులో ఉండవచ్చును. చదువు, అనారోగ్యం వంటి కారణాలు చూపి అనుమతి పొందితే మరి నాలుగు నెలలు రెట్టింపు అద్దె మీద ఉండనిస్తారు. ఆ గడువు మించితే నష్టం అద్దెతో పోదు. ఇల్లు అప్పగించేవరకు గ్రాట్యుటీ సొమ్మును ఆపివుంచే ఆచారం ఉన్నది. కొత్త ఇంటికి ఆ సొమ్మునే నమ్ముకున్నవారికి ఇది పెద్ద చిక్కు. ఇల్లు దొరికితే గాని క్వార్టరు ఖాళీ చేయలేరు. క్వార్టరు ఖాళీ చేస్తే గాని ఇంటికి డబ్బు రాదు.

పైకి నాలుగు నెలలు చాలా కాలంగా తోస్తుంది. లెక్క వేసి చూడండి. మార్చి 31న విరమించిన ఉద్యోగికి జూలై ఆఖరుదాకా గడువు. బెంగాలులో జూన్ రెండవ వారానికి వానలు మొదలవుతాయి. తడిసిన పరుపులతో ప్రయాణం ఎవరికీ హితవు కాదు. ఆంధ్రప్రదేశ్‌లో బడులు తెరిచేది కూడా ఆ రోజులలోనే. ఆ వెనుకనే ఆషాఢం వస్తుంది. కొత్త ఇంట పాలు పొంగించడానికి పెద్దలు ఒప్పుకోరు. రైల్వే వారి కాలెండరులో శూన్యమాసం లేదు, మన పంచాంగంలో నోటీసు గడువు లేదు! ఈ రెండింటికీ పొత్తు కుదిరే రోజులు ఏప్రిల్, మే నెలలు మాత్రమే. నాలుగు నెలల గడువు చేతికి వచ్చేసరికి రెండు నెలలవుతున్నది. కనుక ఆలోచన విరమణకు కనీసం ఒక సంవత్సరం ముందు మొదలుకావాలి.

మొదట మనుషులు

మాకు తెలిసిన ఒక ఇంటి యజమాని ఎంతో పద్ధతి గల మనిషి. పదవీవిరమణకు ఆరునెలల ముందే శ్రీకాకుళం జిల్లాలోని తాతగారి ఊళ్లో ఇల్లు బాగుచేయించారు. పెట్టెలకు అంకెలు వేశారు. జాబితా రెండు ప్రతులు వ్రాశారు. అంతా అయిన తరువాత ఒక రాత్రి భోజనాల దగ్గర తల్లికి చెప్పారు. ఆమెకు ఎనభై ఏళ్లు. పెళ్లయి ఖరగ్‌పూర్ వచ్చినది మొదలు ఇక్కడనే ఉన్నది. ఊరికి వెళ్లడమంటే పెళ్లిళ్లకు, కర్మలకు మాత్రమే.

ఆమె కాదనలేదు. ఒకే మాట అడిగింది: “అక్కడ నన్నెవులు పలకరిస్తారు బావూ?”

ఆ ప్రశ్నకు జాబితాలో జవాబు లేదు. ‘మన ఊరు’ అన్న మాట కొడుకుకు ఒక ఊరిని చూపుతుండగా తల్లికి మరొక ఊరిని చూపుతున్నది. ఆమె ఎరిగిన మనుషులందరూ మథురాకాఠీ క్వార్టర్లలో, గోల్‌బజారు దుకాణాలలో ఉన్నారు. ఆమె కూరలు బేరమాడేది బెంగాలీలో, కష్టసుఖాలు చెప్పుకొనేది తెలుగులో. ఆమె తెలుగు కూడా ఊరివారు వాడే తెలుగు కాదు. నలుగురి భాషలు నానిన తెలుగు.

చివరకు వారు చేసిన పని మెచ్చదగినది. వెంటనే కదలక, ఆమెను ఒక నెలరోజులు ఆ ఊళ్లో ఉంచి చూశారు. ఆమె వరుసకు మరదలయ్యే ఒక వృద్ధురాలు ఆ ఊరికి దగ్గరలోనే ఉన్నట్టు అప్పుడు తెలిసింది. అంతటితో సగం భయం తీరింది. మిగిలిన సగం తీరలేదు, తీరుతుందని వారు అబద్ధమూ ఆడలేదు. ఏడాదికొకసారి దసరాకు తీసుకువస్తామని మాట ఇచ్చారు.

ఇంట్లో ప్రతి ఒక్కరినీ విడివిడిగా అడగడం మొదటి పని. ‘ఎక్కడ ఉంటే బాగుంటుంది?’ అని కాదు. ‘ఇక్కడ దేనిని వదలలేవు?’ అని అడగాలి. మొదటి ప్రశ్నకు మర్యాద జవాబు వస్తుంది. రెండవ దానికి నిజం వస్తుంది.

చోటు, కాగితాలు

మనసులు తెలిసిన తరువాత చోటు తేల్చడం సులభం. సామాన్యంగా మూడు దారులు కనబడతాయి: ఖరగ్‌పూర్‌లోనే రైల్వే హద్దు దాటి మలంచ, ఇందా వంటి పేటలలో స్థిరపడడం, స్వగ్రామం, లేదా పిల్లలున్న నగరం. ఏ దారి మంచిదో ఒకరు చెప్పలేరు గాని, పరీక్షించవలసినవి మూడున్నవి. ఆసుపత్రి ఎంత దూరం? రాత్రివేళ పిలిస్తే వచ్చేవారెవరు? పెన్షనులో అద్దె ఎన్నవ వంతు? రైల్వే వైద్య పథకంలో ఉన్నవారు రైల్వే ఆసుపత్రికి దగ్గరగా ఉండటం మేలు. ఆ సౌకర్యం ఖరగ్‌పూర్‌లో ఉన్నది, విశాఖపట్నంలో ఉన్నది, తాతగారి పల్లెలో లేదు.

ఇంట్లో చదువుకొనే పిల్లలుంటే మరింత జాగ్రత్త అవసరం. పశ్చిమ బెంగాల్ పాఠశాలల సంవత్సరం జనవరిలో ఆరంభమవుతుంది, ఆంధ్రప్రదేశ్‌లో జూన్‌లో. మధ్యలో మారిన పిల్లవాడు కొన్ని పాఠాలు రెండుసార్లు చదువుతాడు, కొన్ని అసలే చదవడు. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఆంధ్రదేశపు కళాశాలల సీట్లలో అధికభాగం స్థానికులవి. అర్హత పరీక్షకు ముందు వరుసగా నాలుగేళ్లు ఆ ప్రాంతంలో చదివినవారిని ముఖ్యంగా స్థానికులుగా ఎంచుతారు. ఇంట్లో తెలుగు మాట్లాడినంత మాత్రాన ఖరగ్‌పూర్ పిల్లవాడు స్థానికుడు కాడు. షెడ్యూల్డు కులాలు, తెగలవారికి ఒక రాష్ట్రంలో ఉన్న గుర్తింపు వలసవెళ్లిన రాష్ట్రంలో వర్తించదని సుప్రీంకోర్టు 1990లో తీర్పు చెప్పింది. ఈ సంగతులు తెలియక, పరీక్ష ఫలితాలు వచ్చిన తరువాత కార్యాలయాల చుట్టూ తిరిగే తల్లిదండ్రులు ఉన్నారు.

ఇక నిత్యజీవితపు కాగితాలు. గ్యాసు కనెక్షను వేరే ఊరికి మారినప్పుడు సిలిండరు, రెగ్యులేటరు ఇక్కడి డీలరుకు అప్పగించి, రసీదుతో డిపాజిట్టు వెనక్కు తీసుకోవాలి. నిండు సిలిండరును రైలులో తీసుకుపోవడం నేరం. ఓటరు జాబితాలో చిరునామా మార్పుకు ఇప్పుడు 8వ నంబరు ఫారం. రేషను కార్డు, బ్యాంకు, పెన్షను, ఆధారు, ఒక్కొక్క దానికి ఒక్కొక్క గీత గీసి జాబితా వ్రాసుకోండి. విరమించిన ఉద్యోగికి కుటుంబంతో వెళ్లడానికి, సామాను తరలించడానికి రైల్వే ఉచిత పాసులు ఇస్తుంది. వాటిని ఏడాదిలోగా వాడుకోవాలి. కొత్త చోట నిజంగా కాపురం పెట్టినవారికి చివరి నెల మూలవేతనంలో 80 శాతం మేరకు తరలింపు గ్రాంటు కూడా లభిస్తుంది. నియమాలు మారుతూ ఉంటాయి గనుక పర్సనల్ విభాగంలో అడిగి, జవాబు వ్రాతపూర్వకంగా తీసుకోవడం ఉత్తమం. అసలు పత్రాలన్నీ ఒక చేతిసంచిలో మీతోనే ఉండాలి. బ్రేక్ వ్యానుకు అప్పగించరాదు.

చివరకు సామాను

ఇప్పుడు గోనెసంచులు తెప్పించండి. ఖరగ్‌పూర్ నుంచి విశాఖపట్నానికి సుమారు 760 కిలోమీటర్లు. అంతదూరం మోసుకుపోవడానికి అర్హమైన వస్తువు ఏది? ఒక కొలత ఉన్నది: గడచిన రెండేళ్లలో ఎవరైనా దానిని ముట్టుకున్నారా, లేదా ఎవరైనా దానిని చూసి ఒక మనిషిని తలచుకుంటారా? రెండూ కాకపోతే ఇక్కడే ఎవరికైనా ఇచ్చివేయండి. రుబ్బురోలును వదలడానికి బాధపడతాము. కొత్త ఊళ్లోనూ రాళ్లున్నాయి. మామగారు వర్క్‌షాపులో వాడిన స్పానరు ఏ పనికీ రాకపోవచ్చును, దానిని తీసుకువెళ్లండి.

వంటింటిని అన్నిటికన్నా చివర విప్పి, కొత్త ఇంట అన్నిటికన్నా ముందు పరచాలి. పాత చీరలు గిన్నెలకు మంచి చుట్టలు. మంచాలు, బీరువాలు విప్పిన మరలను చిన్న సంచిలో వేసి ఆ వస్తువుకే కట్టండి. పెట్టెకు ఒక పక్క మాత్రమే అంకె వేస్తే అది గోడవైపు తిరిగి కూర్చుంటుంది. రెండు పక్కల వేయండి. ఆవకాయ జాడీ గురించి ఎంత శ్రద్ధ వహించినా నూనె కారక మానదు. ఆ ఏడాది పచ్చడిని ఇరుగుపొరుగులకు పంచడమే వివేకం.

నా వృత్తి అనువాదం. ఇంగ్లీషులో దానిని ట్రాన్స్‌లేషన్ అంటారు; లాటినులో ఆ మాటకు మూలార్థం ఒక చోటి నుంచి మరొక చోటికి మోసుకుపోవడం. అనువాదకుడు ప్రతి మాటనూ మోయబోతే వాక్యం చచ్చిపోతుంది; ఏమీ మోయకపోతే అది మరొకరి వాక్యమవుతుంది. ఇల్లు మార్చేవారి చిక్కూ ఇదే. ఏది వదిలినా అర్థం మిగులుతుందో ముందు తెలుసుకొన్నవాడికి బరువు తగ్గుతుంది.

వెళ్లే రోజు విద్యుత్ మీటరు లెక్క వ్రాయించి, బాకీలు తీర్చి, తాళంచెవులు వర్క్స్ విభాగం వారికి అప్పగించి, ఖాళీ చేసినట్టు కాగితం తీసుకోండి. రాబోయే కుటుంబం కోసం ఒక బల్బు వదలండి. వారు చీకటి పడిన తరువాత దిగవచ్చును. కొత్త చిరునామా నాలుగు కాగితాల మీద వ్రాసి పక్కింటివారికి, పాలవానికి, కిరాణా దుకాణంలో, తపాలా ఆఫీసులో ఇవ్వండి. ఉత్తరాలు తగ్గిపోయినవి, నిజమే. కాని మిమ్మల్ని వెతుక్కుంటూ ఆ గుమ్మం దాకా ఎవరో ఒకరు వస్తారు. ‘ఎక్కడికి వెళ్లారు?’ అని వారు అడిగినప్పుడు చెప్పగలిగినవారు ఒక్కరైనా అక్కడ ఉండాలి.