వాయిదా నాటి ఇడ్లీ

సొంతూళ్ళో ఏదైనా పాత హోటలు మూతపడిందని తెలియగానే మనవాళ్ళు వ్రాసే సంతాపవాక్యాలు ఒకే అచ్చులో పోసినట్లుంటాయి. ఆ సాంబారు రుచి మరి రాదనీ, ఆ చేతి మహిమ వేరనీ, ఈ తరానికి నూడుల్స్ తప్ప మరొకటి పట్టదనీ, పెద్ద కంపెనీలు చిన్నవాళ్ళను మింగేశాయనీ. నేనూ అటువంటివి వ్రాసినవాణ్ణే. ఈసారి మాత్రం అలా వ్రాయబుద్ధి కావడం లేదు.

తణుకులో, కోర్టు నుండి నడిచి వెళ్ళేంత దూరంలో, ఒక కాఫీ హోటలు ఉంది. పేరు చెప్పను, యజమాని ఇంకా ఏమీ తేల్చుకోలేదు, బేరం పాడవుతుంది. అతడు నాకు బడిలో సహాధ్యాయి. మొన్న దసరాకు వెళ్ళినప్పుడు గల్లాపెట్టె దగ్గర కూర్చోబెట్టి, "స్థలం అడుగుతున్నార్రా, బట్టల కొట్టువాళ్ళు. ఏం చెయ్యమంటావు?" అన్నాడు. "అమ్మకు" అన్నాను, క్షణం ఆలోచించకుండా. వాడు నవ్వి, "క్రిందటిసారి ఇక్కడ ఎప్పుడు తిన్నావు?" అని అడిగాడు. లెక్కవేస్తే పదునాలుగు నెలలు. అప్పుడు కూడా నా దగ్గర డబ్బులు తీసుకోలేదు వాడు.

ఆ ప్రశ్న నన్ను వదలలేదు. అసలు ఆ హోటలు ఎవరి డబ్బులతో బ్రతికింది?

మా నాన్నగారికి పొరుగు రైతుతో ఒక బోదె విషయమై తగాదా ఉండేది. బోదె వెడల్పు మూడడుగులు. వ్యాజ్యం నడిచినది పదకొండేళ్ళు. వాయిదా ఉన్ననాడు మొదటి బస్సుకే బయలుదేరేవారు. నేను మారాం చేస్తే నన్నూ వెంటబెట్టుకునేవారు. కోర్టు తలుపులు తెరవడానికి ఇంకా రెండు గంటలుండగానే ప్లీడరుగారి గుమాస్తా ఆ హోటల్లో మా కోసం కాచుకుని ఉండేవాడు. ఆయనకు రెండిడ్లీ, ఒక పెసరట్టు ఉప్మా, ఆపైన కాఫీ. నాకు రెండిడ్లీ. నాన్నగారికి వట్టి కాఫీ. తర్వాత వాయిదా పడేది, మళ్ళీ మూడు నెలలకు అదే బల్ల, అవే ఇడ్లీలు. దావా గెలిచినది మేమా వాళ్ళా అన్నది ఈనాటికీ మా యింట్లో తేలని సంగతి గాని, ఆ పదకొండేళ్ళూ ఏనాడూ నష్టపోనివాడు మాత్రం ఆ హోటలు యజమాని.

చుట్టూ బల్లల దగ్గర కూర్చున్నవారిని తలచుకుంటే అందరూ మావంటివారే. తాలూకా కచేరీలో అర్జీ పెట్టుకోవడానికి వచ్చిన రైతులు, దస్తావేజు వ్రాయించుకోవడానికి వచ్చిన అన్నదమ్ములు, బస్సు మారవలసినవారు, క్రషింగు రోజుల్లో ఆంధ్రా షుగర్స్‌కు చెరకు తోలుకొచ్చినవారు, మందుల కంపెనీల ప్రతినిధులు, మ్యాట్నీకి వేళకాక కాఫీతో పొద్దుపుచ్చేవారు. ఊరివాళ్ళు చాలా తక్కువ. ఇల్లు ఊళ్ళోనే పెట్టుకుని హోటల్లో తినడం ఆ రోజుల్లో మర్యాద కాదు, "ఇంట్లో పొయ్యి వెలగలేదా?" అని అడిగేవారు. అంటే అది ఊరి హోటలే గాని, ఊరివాళ్ళ హోటలు కాదు. పని మీద ఊరికి వచ్చినవాడి ఆకలే దానికి పెట్టుబడి. మన జ్ఞాపకాలలో రుచి మిగిలింది గాని, ఆ పని జారిపోయింది.

సహాధ్యాయి చెప్పిన ఒక ముచ్చట ఇక్కడ వ్రాయాలి. హోటలు వ్యాపారంలో అసలు విద్య వండడం కాదట, రేపు ఎందరు వస్తారో ఈ సాయంత్రమే తెలిసి ఉండడమట. పప్పు నానబోయడానికి ముందే అది తెలియాలి. తెలియకపోతే మరునాడు రుబ్బిన పిండి పులిసి మురుగు కాలువ పాలవుతుంది, లేదా పదిగంటలకే "అయిపోయిందండీ" అని చెప్పవలసి వస్తుంది. రెండూ నష్టమే. వాళ్ళ నాన్నగారు ప్రతి సాయంత్రం ఒక చేత కోర్టు కేలండరు, మరొక చేత పంచాంగం పట్టుకుని కూర్చునేవారట. కోర్టు సెలవుల్లో ఒక లెక్క. ఆషాఢం, పుష్యం వంటి శూన్యమాసాల్లో రిజిస్ట్రేషన్లు పలచబడతాయి గనుక మినప్పప్పు రెండు కుంచాలు తగ్గింపు. మంచిరోజు వస్తే మూడు కుంచాలు ఎక్కువ. ఆ లెక్క నలభయ్యేళ్ళు తప్పలేదు.

తర్వాత తప్పడం మొదలైంది. విచిత్రమేమిటంటే దాన్ని తప్పించినవేవీ చెడ్డపనులు కావు. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. మండలాఫీసు రైతుకు కూతవేటు దూరంలోకి వచ్చింది. తణుకు దాకా బస్సెక్కి, ఒక పూట హోటల్లో తిని, సాయంత్రానికి ఇల్లు చేరవలసిన అవస్థ చాలామందికి తప్పింది. 2011లో మీసేవ వచ్చింది; పత్రాల కోసం తిరిగే తిరుగుళ్ళలో మరికొన్ని తగ్గాయి. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు మొదలయ్యాయి; కుల ధ్రువీకరణకూ ఆదాయ ధ్రువీకరణకూ అర్జీ సొంత ఊళ్ళోనే ఇచ్చుకోవచ్చు. ఒక్కొక్క సౌకర్యమూ పల్లెవాడికి ఒక దినం కూలి మిగిల్చింది, హోటలువాడికి ఒక ప్లేటు ఇడ్లీ తగ్గించింది. మా నాన్నగారు ఉండి ఉంటే ఈ మార్పులన్నిటికీ దణ్ణం పెట్టేవారు. నేను మాత్రం ఇడ్లీ పోయిందని ఏడుస్తానా?

(దీనికి తిరుగుడు కథ కూడా ఉంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు పశ్చిమగోదావరికి భీమవరం కేంద్రమైంది, ఏలూరు వేరే జిల్లా అయింది. కలెక్టరు కచేరీ ఎక్కడుంటే అర్జీదారుడు అక్కడికి పోతాడు. అర్జీదారుడు ఎక్కడికి పోతే టిఫిను అక్కడ అమ్ముడవుతుంది. భీమవరంలో హోటలు పెట్టినవాడి వంటలో ఆ యేడు ఉప్పు ఎక్కువైనా చెల్లిపోయి ఉంటుంది.)

రోడ్డు సంగతి మరీ చిత్రం. మద్రాసు-కలకత్తా రహదారి మన చిన్నప్పుడు ఐదో నంబరు. 2010లో నంబర్లు మార్చి పదహారు చేశారు. గుండుగొలను దాటాక అది తాడేపల్లిగూడెం, తణుకు, రావులపాలెం మీదుగా గోదావరి దాటి రాజమండ్రి చేరేది. స్వర్ణ చతుర్భుజి పేరిట రోడ్డు వెడల్పయ్యాక ఊరి అంచున, ఉండ్రాజవరం జంక్షన్ వైపు, పెద్ద పెద్ద హోటళ్ళు లేచాయి: కార్లు నిలుపుకొనే జాగా, చల్లని గది, పిల్లలకు ఉయ్యాల. ఊరి నడిబొడ్డున ఉన్న మావాడి హోటలుకు ఆ దెబ్బ గట్టిగానే తగిలింది. తర్వాత 2015లో గోదావరి మీద నాలుగో వంతెన తెరిచారు. ఆ తర్వాత కొన్నేళ్ళకు గుండుగొలను నుండి నల్లజర్ల, దేవరపల్లి మీదుగా కొవ్వూరుకు నాలుగు వరుసల రోడ్డు సిద్ధమైంది. వైజాగు పోయే లారీ, కారు ఇప్పుడు గుండుగొలను దగ్గరే ఎడమకు తిరిగిపోతాయి. పదహారో నంబరు కూడా వాటితోనే పోయింది. తణుకు దారికి 216ఏ అని కొత్త పేరు మిగిలింది. మావాడి గిరాకీ తన్నుకుపోయిన ఆ పెద్ద హోటళ్ళకే ఇప్పుడు పాత రద్దీ లేదు. "వాళ్ళను చూస్తే ఇప్పుడు జాలేస్తోందిరా, నాకంటే వాళ్ళ అప్పులు పెద్దవి" అన్నాడు మావాడు. అందులో జాలి ఎంతో సంతోషం ఎంతో నేను అడగలేదు.

పన్నుల గురించి ఎక్కువ చెప్పను. 2017 నవంబరు నుండి హోటళ్ళకు 5 శాతం అన్నారు, కొన్న సరుకుల మీద కట్టిన పన్ను మాత్రం తిరిగి రాదన్నారు. 2022 మే నెలలో హోటళ్ళు వాడే పంతొమ్మిది కిలోల సిలిండరు ఢిల్లీలోనే 2,300 రూపాయలు దాటింది. కరోనా యేడు సంగతి అందరికీ తెలిసిందే. ఇవన్నీ గాయాలు గాని, చావుకు కారణాలు కావు. అన్న క్యాంటీన్లు దెబ్బ తీశాయనేవారు కూడా ఉన్నారు. 2018లో తెరిచి, 2019లో మూసి, 2024 ఆగస్టులో మళ్ళీ తెరిచిన ఆ క్యాంటీన్లలో అయిదు రూపాయలకు తినేవాడు అంతకు ముందు హోటల్లో తిన్నవాడు కాడు. పస్తున్నవాడో, అరటిపండుతో సరిపెట్టుకున్నవాడో. ఆ మాట అనడం న్యాయం కాదు.

వంటవాళ్ళు దొరక్కపోవడం మాత్రం నిజమైన కారణం. ఇదివరకు హోటలు వంటమాస్టరుకు అది జీవితకాలపు ఉద్యోగం. ఇప్పుడు ఫంక్షన్ హాళ్ళ వంటలకు పోతే నెలలో పది ముహూర్తాలు చాలు, మిగిలిన ఇరవై రోజులు ఇంటిపట్టున ఉండవచ్చు. తెల్లవారుజామున మూడింటికి లేచి పొగలో నిలబడడానికి ఎవడు వస్తాడు? రానివాణ్ణి తప్పుపట్టే మనం మన పిల్లల్ని ఆ పనికి పంపుతామా? మావాడి దగ్గర దోసెలు వేసే కుర్రవాళ్ళది ఒరిస్సా. బాగానే వేస్తారు. పెసరట్టు మాత్రం ఇప్పటికీ పాత మాస్టరుగారే వెయ్యాలి.

ఇంటికి తెచ్చిపెట్టే యాప్‌లు చిన్న ఊళ్ళకూ వచ్చాయి కదా, వాటితో ఎందుకు నిలదొక్కుకోలేదని అడిగాను. వాళ్ళు పుచ్చుకునే వాటా, బిల్లులో పాతిక శాతం, అలా ఉంచి, అసలు చిక్కు పెసరట్టుదేనన్నాడు. డబ్బాలో పెట్టి మూత వేస్తే పది నిమిషాలకు చెమటపట్టి తడిగుడ్డ అవుతుంది. బిరియానీ అలా కాదు, మూత వేస్తే ఇంకా బాగుంటుంది. డబ్బాలో ప్రయాణించగల వంట గెలిచింది, పెనం దగ్గరే తినవలసిన వంట ఓడింది. ఈ పాయింటు నాకు తట్టనే లేదు. పూతరేకులు చూడండి: ఆత్రేయపురం కదలకుండానే ప్రపంచమంతా తిరుగుతున్నాయి, 2023లో భౌగోళిక గుర్తింపు కూడా పొందాయి. తాపేశ్వరం కాజా అంతే. భోజనానికి ఆ యోగం లేదు. తినేవాడు రావాలి, లేదా హోటలే అతడి దగ్గరకు పోవాలి. కాకినాడ సుబ్బయ్యగారి హోటలు పేరుతో హైదరాబాదులో శాఖలు వెలిసినది అందుకే. అమెరికాలో గోదావరి పేరు పెట్టుకున్న భోజనశాలలు నడుస్తున్నదీ అందుకే. ఊరి రుచి అమ్ముడు కావాలంటే ఊరు విడిచినవాళ్ళు ఉన్నచోటికి వెళ్ళాలి. మావాడికి అంత ఓపికా లేదు, అంత అప్పూ పుట్టదు.

ఇంతవరకు వ్రాసి ఆపితే నా పాత సంతాపాలకు ఇది కొంచెం మెరుగైన సంతాపం అవుతుంది. ఇంకొక మాట ఉంది.

మా వ్యాజ్యంలో నాన్నగారి తరఫున సాక్షిగా మా పాలేరు వచ్చేవాడు. అదే బస్సులో, అదే వాయిదాకు. ఆ హోటల్లో మా బల్ల దగ్గర అతడు కూర్చున్న జ్ఞాపకం నాకు లేదు. విస్తరాకులో కట్టించిన ఇడ్లీ నాన్నగారు బయటికి పంపేవారు, అతడు అరుగు మీద తినేవాడు. ఎవరూ కూర్చోవద్దని అనలేదు. అనవలసిన అవసరం లేకుండా అందరికీ తెలుసు. కొన్నేళ్ళ క్రితం ఊరు వెళ్ళినప్పుడు, బాగా ముసలివాడైన అతడితో మాటల్లో ఆ హోటలు ప్రస్తావన తెచ్చాను, పాత రుచులు తలచుకుందామన్న ఉత్సాహంతో. అతడు కాసేపాగి, "ఇడ్లీ బాగానే ఉండేదండి. అరుగు మీదే ఎండండి బాబూ" అన్నాడు.

అతడి మనవడు ఇప్పుడు తణుకులోనే ఉద్యోగం చేస్తున్నాడు. జీతం వచ్చిన రోజున పెళ్ళాం పిల్లలతో ఏసీ బిరియానీ హోటలుకు వెళతాడట, ఫోను చూపించి డబ్బు కడతాడట. మిగిలిన రోజుల్లో వీధి చివరి కర్రీ పాయింటు. దాన్ని నడిపేది ఒక నడివయసు ఆవిడ. బల్లలు లేవు, సర్వర్లు లేరు, కప్పులు కడిగేవాడు లేడు. ఇంట్లో కుక్కరు పెట్టుకుని కూర మాత్రం కొనుక్కుపోతారు జనం. ఉదయం టిఫిను బండి మీద ఆవిడ చెల్లెలు. ఊళ్ళో తిండి వ్యాపారం పోయిందని ఎవరన్నారు? ఇదివరకటికంటే ఎక్కువే జరుగుతున్నది. అప్పుడు తినడానికి బయటివాడు రావలసివచ్చేది, ఇప్పుడు ఊరే తింటున్నది. పోయినది మనం కూర్చున్న బల్ల. దాన్ని ఊరి పతనం అంటూ మనం వ్రాసేదంతా ఆ మనవడు చదివితే ఏమనుకుంటాడో!

అలాగని పాత హోటలు పోతే నాకు బాధ లేదా? ఉంది. ఇత్తడి గ్లాసులో కాఫీ మీసం అంటిన నాన్నగారి ముఖం నాకు అక్కడ తప్ప మరెక్కడా కనబడదు. కాని అది నా బాధ. దాని అద్దె మావాడు కట్టనక్కరలేదు.

అందుచేత హైదరాబాదు వచ్చాక వాడికి ఫోను చేసి, "అమ్మెయ్యి, నా మాట పట్టించుకోకు" అని చెప్పాను. వాడు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మాస్టరుగారి అమ్మాయి పెళ్ళి మాఘమాసంలో పెట్టుకున్నారురా. అది అయ్యేదాకా ఆయన జీతం ఆపలేను కదా, అప్పటిదాకా తీసే ఉంటుంది" అన్నాడు.

"ఈలోగా వస్తే రా. పెసరట్టు ఉంటుంది. ఈసారి డబ్బులు తీసుకుంటాను."