భోగిమంటలో టైరుకు ఏ శాస్త్రం సమ్మతించింది?

ధనుర్మాసపు చివరి వేకువన సీతాఫల్‌మండి ఇరుకు సందులలో భోగిమంటలు లేస్తాయి. భోగిపిడకల దండతో, ఎండుకట్టెలతో ఆరంభమైన అగ్నిలోనికి కొంతసేపటికే విరిగిన ప్లాస్టిక్ కుర్చీ, చిరిగిన పరుపు, అరిగిన టైరు వచ్చి చేరుతాయి. నల్లని పొగ మేడల నడుమ నుండి పైకి పోలేక కిటికీలలోనికి మళ్ళుతుంది. ఇది తగదని ఎవరైనా అంటే "మా ధర్మంలో ప్రభుత్వం జోక్యమేమిటి?" అన్న గర్జన వినవస్తుంది. ఆ గర్జించేవారికి ధర్మాభిమానం ఉండవచ్చును. ధర్మపరిచయం మాత్రం కనబడదు.

ముందుగా శాసనమేమన్నదో చూడాలి. 2016 నాటి ఘనవ్యర్థ నిర్వహణ నియమాలు వీధులలో, బహిరంగ స్థలాలలో చెత్తను తగులబెట్టరాదన్నాయి. అదే సంవత్సరం డిసెంబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ దేశమంతటా బహిరంగ వ్యర్థదహనాన్ని నిషేధించి, సామాన్య దహనానికి 5,000 రూపాయలు, భారీ దహనానికి 25,000 రూపాయలు పరిహారంగా విధించింది. ఇందులో భోగికి నిషేధమెక్కడ? నిషిద్ధమైనది చెత్త. టైరును చెత్త అన్నందుకు నొచ్చుకొనే భక్తి విచిత్రమైనది.

శాస్త్రం ఇంతకంటె కఠినం. మనుస్మృతి నాల్గవ అధ్యాయం స్నాతకనియమాలను చెబుతూ, అగ్నిలో అమేధ్యమైన వస్తువును వేయరాదని, అగ్నిపై పాదాలు కాచుకొనరాదని విధించింది. పాదాలు చూపడమే అపచారమైనచోట పి.వి.సి. గొట్టాన్ని ఆహుతి చేయడాన్ని ఏమనాలి? యజ్ఞంలో సమిధకు సైతం వృక్షనియమం ఉన్నది: అశ్వత్థం, పలాశం, శమి, ఖదిరం వంటివే గాని చేతికందిన కట్టె కాదు. ఇంటినిప్పుపై నగరపు అదుపు పరదేశపు కల్పన అనుకొనేవారు కౌటిల్యుని చూడాలి. గ్రీష్మంలో పట్టపగటివేళ ఇంటిలో నిప్పు రాజేస్తే పణంలో ఎనిమిదవ వంతు దండమని, కానిచో వంట వెలుపల చేసుకొనవలెనని అర్థశాస్త్రం నిర్దేశించింది. ఆనాటి భయం ఇల్లు కాలునని. నేటి భయం ఊపిరి చెడునని.

ఛాందోగ్యంలో రైక్వుడు జానశ్రుతికి సంవర్గవిద్యను ఉపదేశించాడు. ఆరిన అగ్ని వాయువులోనే లీనమవుతుంది. బయట వాయువు ఎట్లో, దేహంలో ప్రాణం అట్లే సర్వాన్నీ తనలోనికి తీసుకొంటుంది. ఆ విద్య ఉపాసనార్థం చెప్పబడినదే గాని పొగను గూర్చి కాదు, నిజమే. అయినా అగ్నిలో వేసినది వాయువులోనికి, వాయువులోనిది ప్రాణంలోనికి చేరునన్న క్రమం కంటికి కనబడుతూనే ఉన్నది. తైత్తిరీయ శాంతిపాఠంలో వాయువును ప్రత్యక్షబ్రహ్మమని సంబోధించిన నోటితోనే, వాకిట్లోని టైరుకు నిప్పంటించమనడం ఎట్లా పొసగుతుంది?

"సంవత్సరానికొక్క రోజే కదా" అన్నది మరొక సమర్థన. శీతకాలపు వేకువన నేలను అంటిన చల్లని గాలిపై వెచ్చని పొర మూతవలె నిలుస్తుంది. పొగ పైకి చెదరదు. 2.5 మైక్రాన్లకు మించని ధూళికణాలు ఊపిరితిత్తుల లోతులకు దిగుతాయి. కాలిన పి.వి.సి. నుండి డయాక్సిన్లు, టైరు నుండి గంధకపు వాయువు, బెంజీన్ వెలువడతాయి. ఆస్తమాగల శిశువుకు ఆ ఒక్క వేకువ చాలదా? ఆ వేళకే లేచి ప్రాణాయామానికి కూర్చున్న వృద్ధుడు పూరకంలో పీల్చేది దేనిని?

భోగి అంటే కామక్రోధాల దహనమని ప్రవచనకారులు చెబుతారు, బాగున్నది. కుప్పలో ఏమున్నదో వారిలో ఎవరూ వంగి చూడరు.

ఒక్క ఆక్షేపణలో మాత్రం న్యాయమున్నది. ఏడాది పొడవునా ఖాళీ స్థలాలలో చెత్త కాలుతుంటే ఊరకుండి, పండుగనాడు మాత్రమే మేల్కొనే అధికారం గౌరవాన్ని పొందదు. చలికి నాలుగు పుల్లలు వెలిగించుకొన్న కాపలాదారుపై మొదటి దండం పడితే అది అధర్మమే. కాని అధికారి అలసత్వం గృహస్థుని అపచారానికి అనుమతిపత్రం కాజాలదు.

ఎండుకట్టె పొగ కూడా అమృతం కాదు. కనుక ఇంటింటికొక మంట కాక సందుకొక్కటి, చిన్నది, తడిలేని కట్టెతో, పిడకలతో చాలును. పిల్లలు పిడకల దండ వేసి, ప్రదక్షిణం చేసి, అభ్యంగనానికి పోతారు. విరిగిన కుర్చీ, పరుపు, టైరు చెత్తబండి వచ్చేదాకా గోడవారనే ఉండవచ్చును.